చెరువులో ఇల్లు కొన్న ముళ్లపంది

జువ్విగుట్ట అడవిలో ముళ్లపందులు, కుందేళ్లు, కౌజుపిట్టలు, ఎలుకలు, ఉడుములు ఉండేవి. పులి మాత్రం లేదు. పులి లేని అడవిలో ఇక భయమేముందని మీరనుకుంటారు. అదంతా వట్టి మాట పిల్లలూ. కోరలున్నవాణ్ణి చూస్తే పారిపోవచ్చు. తీయగా మాట్లాడేవాణ్ణి చూసి ఎవరు పారిపోతారు చెప్పండి?

ఆ అడవిలో ఎర్రమట్టి దిబ్బ ఒకటి ఉంది. దాని మీద చెన్నమ్మ అనే ముళ్లపంది బొరియ ఉండేది. ఆమె మగడు ఉచ్చులో పడి చనిపోయాడు. అతను ఆమెకు మిగిల్చింది ఆ బొరియ ఒక్కటే. ఎంత వాన కురిసినా అందులోకి చుక్క నీరు దిగేది కాదు. చెన్నమ్మ తన పెద్దకొడుకు ఈరన్ననూ, ఇంకా పాలు తాగే ఇద్దరు కూనలనూ పెట్టుకుని అందులోనే బతుకుతోంది.

ఈరన్న కొండముచ్చు పంతులుగారి బడిలో చదువుకుంటున్నాడు. వాడికి తెలివి లేదని నేననను. ఉంది. ఉన్నది చాలదని వాడికి తెలియదు, అంతే. నోరు మాత్రం గొప్పది. వాడు మాట్లాడుతుంటే చెట్టు మీది కాకులు కూడా అరవడం ఆపి వినేవి.

ఆ అడవిలో ఏం కొనాలన్నా ఎండబెట్టిన ఇప్పపువ్వు ఇవ్వాలి. ఈరన్న దగ్గర దోసెడు పువ్వు కూడా నిలిచేది కాదు. తల్లి రోజూ దుంపలు తవ్వి, తను సగం తిని, మిగతాది వాడికి కట్టి పంపేది. తోటివాళ్లు తమ బొరియల గురించి, తమ తాతల పొదల గురించి చెప్పుకుంటుంటే ఈరన్నకు ఒళ్లు మండేది. చదువు అయ్యేలోపు తనకు నాలుగు బొరియలు ఉండాలని వాడు పట్టుబట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఏ బొరియ తూర్పు ముఖంగా ఉండాలో కూడా అప్పుడే తేల్చుకున్నాడు.

వాడి పక్కనే కూర్చుని చదివే ఎలుకపిల్ల పేరు ఓబులి. దానిదీ పేద బతుకే. అయితే అది వేరే దారి పట్టింది. రాతివాలు మీద ఎవరికీ అక్కరలేని పాడుబడ్డ పుట్ట ఒకటి ఉంటే, నెల రోజులు మట్టి ఎత్తిపోసి బాగుచేసుకుంది. ఒక గదిలో తనుండి, రెండో గది కీచురాళ్లకు అద్దెకిచ్చింది. అద్దె రోజుకు ఒక గింజ.

ఈరన్న కడుపు పట్టుకుని నవ్వాడు. కీచురాళ్లకు ఇళ్లిచ్చే జమీందారమ్మ వచ్చిందని బడి అంతా వినేలా అన్నాడు. ఓబులి ఆ రోజు అద్దె గింజ తీసి దాచుకుంది. దానికి గింజ చాలు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండలు. ఆ ఎండల్లోనే ఒక రోజు భద్రయ్య అనే ఉడుము బడి గుమ్మంలోకి వచ్చాడు. పెద్దల దగ్గరికి పోలేదు చూడండి, పిల్లల దగ్గరికి వచ్చాడు. గుట్ట అవతల తను పెద్ద వెంచర్ వేశాననీ, తెల్లసున్నం పూసిన హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేశాననీ, చూడ్డానికి వస్తే తునికిపళ్లతో భోజనం కూడా తనదేననీ చెప్పాడు. ఒక ప్లాటు ధర రెండు కుంచాల ఇప్పపువ్వు. మృగశిర కార్తె రాగానే నాలుగు కుంచాలు.

ఈరన్న సిగ్గుపడుతూ తన దగ్గర పువ్వు లేదన్నాడు.

భద్రయ్య వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ముళ్లున్న భుజం మీద చెయ్యి వేసినవాడు వాడి బతుకులో అతనొక్కడే. "పువ్వెందుకు నాయనా? నీకు నోరుంది. నాలుగు కుటుంబాలను తీసుకురా. మూల ప్లాటు నీది. ఊరికే ఇస్తాను" అన్నాడు.

ఇంకేముంది! ఈరన్న ఆ మాటతోనే పడిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఈరన్న, ఓబులి, మరో పదిమంది పిల్లలు గుట్ట దాటి వెళ్లారు. సగం రోజు నడక. అవతల చాప పరిచినట్టు చదునైన నేల కనిపించింది. ఒక్క రాయి లేదు, ఒక్క ముల్లు లేదు. నల్లమట్టి ఎండకు పలకలు పలకలుగా పగిలి ఉంది. చుట్టూ మూడు వైపులా గుట్టలు. ఈశాన్యం పల్లంగా ఉంది కాబట్టి వాస్తు అద్భుతంగా కుదిరిందని భద్రయ్య చెప్పాడు. ఈశాన్యం మాట వినగానే ఈరన్న చేతులు జోడించినంత పని చేశాడు.

ఓబులి ఎలుక కదా, ఊరికే ఉండలేక కాలితో గీకింది. జానెడు లోతున తెల్లటి గుల్ల ఒకటి దొరికింది. దాన్ని భద్రయ్యకు చూపించింది.

"శంఖం పాపా! శంఖం దొరికిన నేలలో లక్ష్మి ఉంటుంది" అన్నాడు భద్రయ్య.

"శంఖం కాదు, నత్తగుల్ల. నీళ్లు నిలవని చోట ఇన్ని నత్తలు ఎందుకుంటాయి?" అంది ఓబులి.

పాప బాగా చదువుతుందే అని భద్రయ్య మెచ్చుకుని, దాని చేతిలో ఇంకో రెండు తునికిపళ్లు పెట్టి, మిగతావాళ్లను అటు వైపు తీసుకుపోయాడు. తిరుగు దారి పొడుగునా ఈరన్న ఓబులిని తిట్టాడు. ఒకరు బాగుపడుతుంటే చూడలేని గుణం మంచిది కాదన్నాడు. ఓబులి తునికిపండు తింటూ వింది. అంతకు మూడేళ్ల ముందు నుంచీ అడవిలో సరైన వాన లేదు. ఆ పిల్లలెవరూ నిండిన చెరువును చూసి ఎరగరు. పెద్దలకు గుట్ట దాటి అటు పోయే పనే పడలేదు. నత్తగుల్ల పట్టుకున్న ఓబులికి కూడా అనుమానమే తప్ప రుజువు లేదు.

జువ్విగుట్టలో బొరియల వాళ్లకు ఒక ఆచారం ఉంది. దాన్ని 'నేలకు వాన చూపడం' అంటారు. కొత్త నేల తీసుకునే ముందు, ఇంట్లో పెద్దవాళ్లొకరు ఆరుద్ర కార్తెలో పెద్దవాన పడేటప్పుడు అక్కడికి పోయి నిలబడాలి. వాన వెలిసేదాకా కదలకూడదు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. ఆ తర్వాతే మట్టి మీద పాదముద్ర వేయాలి. తాతముత్తాతల నాటి నుంచి అదే పద్ధతి.

భద్రయ్య గడువు మృగశిరకే అయిపోతుంది. ఆరుద్ర ఆ తర్వాత వస్తుంది. ఇది ఎందుకలా పెట్టాడో ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఈరన్న ఇల్లిల్లూ తిరిగాడు. ముందు కౌజు అత్త దగ్గరికి పోయాడు. ఆమె గుడ్లు పెట్టే రోజులు. అంత దూరం పోయి చూసే ఓపిక లేదు. చదువుకున్న పిల్లవాడు చెబుతున్నాడు కదా అని, దాచుకున్న పువ్వంతా ఇచ్చేసింది. తర్వాత రెండు కుందేళ్ల కుటుంబాలు ఒప్పుకున్నాయి. వాళ్లూ వాడి నోటిమాట మీదే ఒప్పుకున్నారు. ప్రతి గుమ్మంలో ఈరన్న ఒక్క మాట అదనంగా చేర్చాడు. మొదటి ఇంట్లో చెరకు పండుతుందన్నాడు. మూడో ఇంటికి వచ్చేసరికి అక్కడ ఊట ఉందన్నాడు.

మూడు కుటుంబాలయ్యాయి. నాలుగోది దొరకలేదు. గడువు రెండు రోజులే ఉంది. రెండు రోజుల్లో దొరక్కపోతే మూల ప్లాటు ఇంకొకరికి పోతుందని భద్రయ్య కబురు పెట్టాడు. పువ్వు లేనివాళ్లు పాత బొరియ ఇచ్చి కొత్త ప్లాటు తీసుకోవచ్చని కూడా ఆ కబురులోనే ఉంది.

పిల్లలూ, ఉడుముకు కావలసింది ఇప్పపువ్వు కాదు. వాడి కన్ను మొదటి నుంచీ ఎర్రమట్టి దిబ్బ మీదే ఉంది.

ఈరన్న తల్లి దగ్గరికి పోయాడు. ఈ ఇరుకులో ఎన్నాళ్లుంటామన్నాడు. రెండు ప్లాట్లు పక్కపక్కనే వస్తాయన్నాడు. తమ్ముళ్లు ఆడుకోవడానికి చదునైన నేల ఉంటుందన్నాడు. చెన్నమ్మ చాలాసేపు వింది. కూనల ఒళ్లు నాకుతూ వింది. ఈ బొరియ తప్ప తమకు ఇంకేమీ లేదని ఆమెకు తెలుసు. కొడుకు తెలివి మీద ఆమెకు నమ్మకం కూడా ఉంది. చివరికి ఆమె అడిగింది ఒక్కటే.

"నేలకు వాన చూపావా నాయనా?"

నాలుగు రోజుల కింద ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. ఆ జల్లు పడేటప్పుడు ఈరన్న బడి అరుగు మీద నిద్రపోతున్నాడు.

"చూపానమ్మా. మొన్న జల్లు పడినప్పుడు అక్కడే ఉన్నాను. చుక్క నిలవలేదు" అన్నాడు.

వాడు కావాలని తల్లిని ముంచాలనుకున్నాడా అంటే, లేదు. అది మంచి నేలేనని వాడూ నమ్మాడు. నమ్మినదాన్ని చూసినట్టు చెప్పాడు, అంతే. ఆ 'అంతే' దగ్గరే కొంపలు మునుగుతాయి.

జల్లు ఆరుద్ర పెద్దవాన కాదని తెలిసినా, చదువుకున్న కొడుకు కళ్లారా చూశానన్నాడు కదా అని చెన్నమ్మ దిబ్బ మీద మట్టిలో పాదముద్ర వేసింది. భద్రయ్య పక్కన తన గోళ్లతో గీత గీశాడు. ముళ్లపంది బొరియ ఉడుముదైంది. కూనలను నోట కరుచుకుని చెన్నమ్మ గుట్ట దాటింది.

మృగశిర దుమ్ముతో పోయింది. నల్లమట్టి మెత్తన కాబట్టి బొరియలు తొందరగా తయారయ్యాయి. ఈరన్న తన మూల ప్లాటు చుట్టూ రోజుకు మూడుసార్లు తిరిగేవాడు. కౌజు అత్త గడ్డి పరుచుకుని పదకొండు గుడ్లు పెట్టింది. అందరూ ఈరన్నను పిలిచి మరీ కూర్చోబెట్టి మాట్లాడేవారు. వాడి బతుకులో మంచి రోజులంటే అవే.

ఆరుద్ర ఎక్కి పదిరోజులైంది. ఒక ఉదయం వాన మొదలైంది. మొదట అందరూ సంతోషించారు. మూడేళ్ల తర్వాత పడుతున్న పెద్దవాన మరి. మధ్యాహ్నానికి సంతోషం పోయింది. పైనుంచి పడే నీళ్లు కాస్తే. మూడు గుట్టల మీది నీళ్లూ కాలువలు కట్టి ఆ చదును మీదికే దిగాయి. ఎన్నో ఏళ్లుగా అవి దిగే చోటు అదే.

చెన్నమ్మ బొరియలోకి నీళ్లు గుమ్మం నుంచి రాలేదు. కింది నుంచి ఊరాయి. ఆమె ఒక కూనను కరుచుకుంది, ఈరన్న రెండోదాన్ని కరుచుకున్నాడు. మెడలోతు నీళ్లలో ఈదుకుంటూ గట్టుకు చేరారు. కుందేళ్లు పిల్లలను దక్కించుకున్నాయి కానీ సామాను మొత్తం పోయింది.

గట్టు వారన గూడు పెట్టుకున్న కౌజు అత్త లేవలేదు. గుడ్లు పిల్లలయ్యే రోజు దగ్గర పడింది. నీళ్లు రొమ్ము దాకా వచ్చినా అలాగే కూర్చుంది. ఈరన్న గట్టు మీంచి లెమ్మని అరుస్తూనే ఉన్నాడు. చివరికి ఆమె కింద నుంచి గుడ్లు ఒక్కొక్కటే పైకి తేలి వెళ్లిపోయాయి. అప్పుడు లేచింది. అప్పుడు లేచి ఏం లాభం?

వాళ్లంతా ఆ వానలోనే గుట్ట దాటి వచ్చి, అది వెలిసేదాకా రాతివాలు మీద ఓబులి పుట్ట దగ్గర తలదాచుకున్నారు. అక్కడ నేల పొడిగా ఉంది. ఓబులి అప్పటికి పక్కనే రెండో పుట్ట చూసుకుంది. గింజా గింజా కూడబెట్టి దానికి బేరం కుదుర్చుకుంది. అయినా దానికి వాన చూపిన తర్వాతే ముద్ర వేస్తానని వానలో నిలబడి ఉంది. తడిసి వణుకుతూనే అందరికీ చోటు చూపించి, గింజలు పెట్టింది. నేను ముందే చెప్పానని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఈరన్నకు అనిపించింది.

వాన తగ్గాక చెన్నమ్మ పిల్లలను తీసుకుని ఎర్రమట్టి దిబ్బకు వెళ్లింది. భద్రయ్య గుమ్మంలో ఎండ కాచుకుంటున్నాడు. మర్యాదగా లేచి నిలబడ్డాడు.

చెన్నమ్మ తన బొరియ తనకిమ్మంది. ఇచ్చిన నేల నీళ్లలో పోయిందని చెప్పింది.

"నేలెక్కడికి పోయింది తల్లీ? అక్కడే ఉంది, నీళ్ల కింద ఉంది. వేసవికి బయటపడుతుంది" అన్నాడు భద్రయ్య.

నేలకు వాన చూపితే నీళ్లు నిలవలేదని నమ్మి ముద్ర వేశానంది చెన్నమ్మ.

భద్రయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆ మాట నేనన్నానా? నా నోట ఒక్క అబద్ధం వచ్చిందేమో చెప్పు. వాన చూపానన్నది నీ కొడుకు. అదుగో, పక్కనే ఉన్నాడు. అడుగు."

చెన్నమ్మ కొడుకు వైపు తిరిగింది. ఈరన్న తల వంచుకున్నాడు. వాడి ఒంటి మీద ముళ్లన్నీ వాలిపోయాయి. ఆమె అడగలేదు. అడగనక్కర లేకుండానే తెలిసిపోయింది. చలికి వణుకుతున్న కూనలను ఒంటికి దగ్గరగా లాక్కుంది.

భద్రయ్య దయగలవాడు కదా, వెనక వైపున్న చిన్న కంత వాళ్లకు అద్దెకిస్తానన్నాడు. రోజూ తవ్విన దుంపల్లో సగం అద్దె. కూనలు తడిసి ఉన్నారు. చెన్నమ్మ ఒప్పుకుంది. తన ఇంట్లోకి తను వెనక దారిన వంగి దూరింది.

ఈరన్న బడి మానేశాడు. తల్లితో పాటు దుంపలు తవ్వాడు. తల్లి వాడికి అన్నం పెట్టేది, ఒంటి మీద మట్టి దులిపేది. వాడు ఏదైనా చెబితే మాత్రం ఓబులిని కూడా ఒకసారి అడిగి చూద్దామనేది. మెత్తగానే అనేది. తిట్టినా వాడికి అంత నొప్పి పుట్టేది కాదు.

ఏడాది తిరిగింది. ఎండలకు గుట్ట అవతల నీళ్లింకి, నేల మళ్లీ చాప పరిచినట్టయింది. భద్రయ్య రాళ్లకు కొత్తగా సున్నం పూయించాడు. ఒకరోజు ఈరన్నను పిలిచి, నీ నోరు నాకు కావాలన్నాడు. ఈసారి ఇంకో అడవి నుంచి వచ్చిన వాళ్లున్నారనీ, నాలుగు కుటుంబాలను తెస్తే దిబ్బ మీది బొరియ తిరిగి రాసిస్తాననీ అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ వాణ్ణి మెచ్చుకోవాలి. ఆ బొరియ కోసం వాడు ఏడాదిగా ఏడుస్తున్నాడు. అయినా కుదరదన్నాడు. అని ఊరుకోలేదు, పరుగెత్తాడు. కొత్తగా వచ్చిన కుందేళ్ల గుంపు దగ్గరికి పోయి, అది చెరువనీ, మునిగిపోతారనీ, తన కళ్లతో చూశాననీ చెప్పాడు. ఇంత నిజం వాడు అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు.

వాళ్లు ఇరుగుపొరుగును అడిగారు. నేల ఎలాంటిదని కాదు, ఈ ముళ్లపంది ఎలాంటివాడని అడిగారు. ఇరుగుపొరుగు అడిగినంతవరకు ఉన్నదే చెప్పింది. పోయిన ఏడు ఆ నేలనే బంగారమని అమ్మినవాడు, కన్నతల్లికే అబద్ధం చెప్పినవాడు అంది. ఇప్పుడు కమీషన్ రాలేదని కుళ్లుతో వచ్చుంటాడని కుందేళ్లు అనుకున్నాయి.

ఈరన్న కౌజు అత్త దగ్గరికి పరుగెత్తాడు. ఆమె చెబితే వాళ్లు వింటారు. ఓబులి ఆ నేల మునగడం కళ్లారా చూడలేదు, అక్కడ గుడ్లు పోగొట్టుకున్నది కౌజు అత్త కదా. ఒక్కసారి వచ్చి, ఈరన్న చెప్పేది నిజమని చెప్పమని కాళ్లమీద పడ్డాడు.

కౌజు అత్త వాడి వైపు చూడకుండా గడ్డిలో గింజలు ఏరుకుంటోంది. "నీ మాట విని పదకొండు గుడ్లు పోగొట్టుకున్నాను. ఇప్పుడు నీ మాట నిజమని నేను సాక్ష్యం చెప్పాలా? నాకు చేతకాదు నాయనా, వెళ్లు" అంది.

మర్నాడు కుందేళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని, దిబ్బ పక్కగా గుట్ట వైపు నడిచాయి. ఈరన్న దారికి అడ్డంగా నిలబడ్డాడు. వాళ్లు ముళ్లు తగలకుండా పక్కకు తప్పుకుని వెళ్లిపోయారు.

నీతి: చూడనిదాన్ని చూశానని చెప్పినవాడికి ఇల్లొక్కటే పోదు, చూసింది చూసినట్టు చెప్పే రోజు వచ్చినా, వాడి మాట వినేవాడు మిగలడు.